గొంతులో మొదలై వెన్నుపూసలో తేలిన మర్జ్

మన ఇళ్ళలో తారీఖ్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. కేలెండర్‌లో తేదీ తారీఖే, బాద్‌షాల కథ కూడా తారీఖే. డాక్టర్లు మరీజ్‌ను పట్టుకుని అడిగే 'హిస్టరీ'కి కూడా ఇదే మాట సరిపోతుందని మూడేళ్ళ కిందటి దాకా నాకు తోచలేదు.

మూడేళ్ళ కింద మా ఖాలా మనవడికి గొంతు నొప్పి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, ఇంజనీరింగ్ రెండో ఏడాది, హాస్టల్లో ఉంటాడు. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ మూడు బిళ్ళలు ఇచ్చారు, వేసుకున్నాడు. కాస్త తగ్గినట్టే అనిపించింది. ఐదో రోజు రాత్రి పళ్ళు టకటకమని కొట్టుకునేంత చలి, మీదంతా బుఖార్. డెంగ్యూ అన్నారు, కాదని తేలింది. టైఫాయిడ్ అన్నారు, అదీ కాదు. మెడ ఎడమ పక్క, దవడ కింద నుంచి భుజం వైపు పట్టేసినట్టు ఉందంటే 'దిండు సరిగా లేక' అన్నారు. తర్వాత ఛాతీలో నొప్పి, ఆయాసం. ఒక ఆసుపత్రిలో నిమోనియా అని వారం రోజులు సూదిమందు ఇచ్చి ఇంటికి పంపారు. హమ్మయ్య అనుకున్నాం.

ఇంటికొచ్చిన పది రోజులకు నడుం నొప్పి మొదలైంది. మంచంలో ఒత్తిగిలాలన్నా కేక పెట్టేవాడు. పడుకున్నా తగ్గదు, రాత్రయితే ఇంకా ఎక్కువ. ఎముకల డాక్టరు దగ్గరికి పోతే ఎక్స్‌రే తీసి, కండరం పట్టిందని బెల్టు ఇచ్చాడు. ఇంకో రెండు వారాలకు ఎమ్మారై తీస్తే నడుం దగ్గర రెండు పూసలు, వాటి మధ్య డిస్కు పాడైనట్టు కనిపించింది. 'టీబీ కావచ్చు, మందులు మొదలుపెడదాం' అన్నారు. మా దేశంలో వెన్నుపూస పాడైతే అందరి నోటా ముందు వచ్చే మాట అదే, వాళ్ళను తప్పు పట్టలేం. ఆ మందులు మొదలయ్యే ముందు ఒక పెద్దావిడ, పేరున్న డాక్టరేమీ కాదు, ఫైలంతా పక్కన పెట్టి మా ఖాలాను అడిగింది: "అమ్మా, ఇదంతా మొదలవక ముందు, అన్నిటికంటే ముందు, ఈ అబ్బాయికి ఏమొచ్చింది?"

ఖాలా అంది, "గలా దర్ద్ వచ్చిందమ్మా. దానికీ దీనికీ ఏం సంబంధం?"

ఆ సంబంధం ఏమిటో వెతుకుతూ నేను చదివిన సంగతులే ఈ వ్యాసం. చదువుతున్నకొద్దీ తెలిసిందేమంటే, ఈ ప్రశ్నకు జవాబు ముక్కలు ముక్కలుగా రెండు వేల ఏళ్ళకు పైగా కితాబుల్లోనే ఉంది. మధ్యలో ఒకసారి డాక్టర్లే దాన్ని మరచిపోయారు.

మన నానీలు ఖునాఖ్ అనే మాట వాడేవారు. గొంతు వాచి ఊపిరి ఆడని పిల్లల జబ్బును, ఎక్కువగా డిఫ్తీరియాను, అలా పిలిచేవారు. అరబీలో ఆ మాటకు మూలం గొంతు నులమడం. యునానీ వాళ్ళు దీన్నే 'కినాంఖే' అన్నారు, అంటే కుక్కకు పట్టా బిగించినట్టు అని. గొంతు పక్కన చీము గడ్డ కడితే ఇంగ్లీషు వాళ్ళు క్విన్సీ అంటారు, ఆ మాట కూడా ఈ కినాంఖే నుంచే అరిగి అరిగి వచ్చింది. భాషలు మూడైనా ఊపిరి ఆడని ఆ అవస్థ ఒకటే.

బుఖ్రాత్ పేరు మీద ఉన్న ఫుసూల్ అనే కితాబు ఐదో మఖాలాలో ఒక చిన్న మాట ఉంది. నా మాటల్లో చెప్పాలంటే: గొంతు జబ్బు నుంచి బయటపడ్డవాడికి ఆ జబ్బు ఊపిరితిత్తుల మీదికి మళ్ళితే వారం లోపు ప్రాణం పోతుంది, ఆ వారం దాటితే ఛాతీలో చీము పడుతుంది. మొదటిసారి చదివినప్పుడు నేను కితాబు మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. గొంతు తగ్గింది, తర్వాత ఛాతీ, వారం రోజులు! మా పిల్లవాడి ఫైల్లో ఉన్న వరస ఇదే కదా.

ఈ ఫుసూల్‌ను తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో హునైన్ ఇబ్నె ఇస్హాఖ్ అరబీలోకి తెచ్చాడు. ఆయన క్రైస్తవుడు, 873లో పోయాడు. జాలీనూస్ రాసిన షరహ్‌తో సహా తెచ్చాడు కాబట్టి తర్వాతి జమానాల్లో తిబ్ నేర్చుకునే షాగిర్దులకు ఇది పాఠ్యపుస్తకమైంది.

వెన్నుపూస సంగతి ఇంకో కితాబులో ఉంది. బుఖ్రాత్ పేరు మీదే ఎపిడెమియా అనే ఏడు భాగాల కితాబు ఉంది, మరీజ్‌ల హాల్ రోజువారీగా రాసుకున్న నోట్సు లాంటిది. దాని రెండో భాగంలో గొంతు జబ్బు వచ్చిన కొందరి మెడపూసలు లోపలికి జరిగాయని, మెడ వెనక తడిమితే గుంట తగులుతుందని, మింగలేకపోయేవారని రాసి ఉంది. ఈ రెండో భాగం మీద జాలీనూస్ రాసిన షరహ్ యునానీ భాషలో పోయింది, ఎక్కడా మిగల్లేదు. ఇవాళ అది మనకు హునైన్ అరబీ తర్జుమాలోనే దొరుకుతుంది. బగ్దాద్‌లో ఒక మనిషి రాత్రిళ్ళు దీపం దగ్గర కూర్చుని ఆ పని చేయకపోతే, గొంతూ మెడపూసా ఒకే పేరాలో వచ్చే ఆ చోటి మీద జాలీనూస్ ఏమన్నాడో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ మెడపూసల సంగతి మా పిల్లవాడి జబ్బు కాదు. దీన్ని విడదీసి చూడాలి, ఎందుకంటే గొంతు నుంచి వెన్నుకు వెళ్ళే దారులు రెండు. గొంతు వెనక గోడకు ఆనుకునే మెడపూసలు ఉంటాయి, మధ్యలో ఉన్నది కొన్ని పొరలు, కండరాలు మాత్రమే. గొంతులోని మంట ఆ గోడ దాటి పక్కింటికి పాకినట్టు పూసలను పట్టే కండరాలను, కట్లను వదులు చేయగలదు. ముఖ్యంగా పిల్లల్లో. తల ఒక పక్కకు వంగిపోయి తిరగదు. 1930లో ఫ్రాన్స్‌లో పియెర్ గ్రిసెల్ అనే డాక్టరు దీని మీద రాశాడు కాబట్టి ఇప్పుడది ఆయన పేరు మీద ఉంది. గొంతు వెనక చీము గడ్డ కట్టడం కూడా ఈ పక్కింటి దారే. బుఖ్రాత్ కాలం వాళ్ళు చూసింది ఈ రెండిటిలో ఒకటి అయి ఉంటుందని ఇప్పటివాళ్ళ అందాజ్.

రెండో దారి దూరం దారి, ఖూన్ వెంట పోయేది. నడుం పూసను పట్టుకునేది ఎక్కువగా ఇదే.

ఆ దారికి నక్షా గీసినవాళ్ళలో మనవాడు ఒకడున్నాడు. ఇబ్నున్ నఫీస్, దమిష్ఖ్‌లో చదివి ఖాహిరాలో పనిచేసిన హకీమ్, 1288లో పోయాడు. బూ అలీ సీనా ఖానూన్‌లోని శరీర నిర్మాణం మీద 1242లో షరహ్ రాస్తూ, గుండె కుడి గది నుంచి ఎడమ గదికి మధ్య గోడలో రంధ్రాలున్నాయన్న జాలీనూస్ మాట తప్పన్నాడు. ఖూన్ కుడి గది నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కడి నుంచి ఎడమ గదికి వస్తుందన్నాడు. ఆ మాట శతాబ్దాలపాటు లైబ్రరీల్లో నిద్రపోయింది. 1924లో జర్మనీలో చదువుతున్న ముహ్యుద్దీన్ తతావీ అనే మిస్రీ డాక్టరు బెర్లిన్‌లోని రాతప్రతిలో దాన్ని పట్టుకున్నాడు.

మెడలో కట్టిన గడ్డ నుంచి విరిగిన ముక్కలు పోయే దారి అక్షరాలా ఇదే. మెడ పెద్ద సిర నుంచి గుండె కుడి గదికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు. గడ్డ ముక్కలు ఊపిరితిత్తుల జల్లెడలో ఇరుక్కుంటాయి, అందుకే ఛాతీ నొప్పి. జల్లెడ దాటిన క్రిములు గుండె ఎడమ గదికి చేరి, అక్కడి నుంచి కీళ్ళకు, కాలేయానికి, అరుదుగా ఎముకలకు పోతాయి.

తమాషా ఏమంటే, ఇబ్నున్ నఫీస్ ఫుసూల్ మీద కూడా షరహ్ రాశాడు. అంటే గొంతు జబ్బు ఛాతీకి మళ్ళుతుందన్న మాట, కుడి గుండె నుంచి ఊపిరితిత్తులకు ఖూన్ పోతుందన్న మాట, రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయి. రెండిటినీ ఆయన కలిపాడని నేను దావా చేయడం లేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో 'అన్నీ మనవాళ్ళే కనిపెట్టారు' అని తిరిగే మెసేజీలు చూసి చూసి విసిగినవాణ్ని. హకీకత్ దానికంటే చిన్నది, దానికంటే అందమైనది. క్రిములంటే ఏమిటో తెలియని జమానాలో, సిరలో గడ్డ కడుతుందని తెలియని జమానాలో, ఇంతవరకు వచ్చారు. ఇంకో ఆరున్నర శతాబ్దాలు ఎవరూ ఆ రెండు ముక్కలూ జోడించలేదు.

ఖుర్తుబాకు చెందిన అబుల్ ఖాసిమ్ జహ్రావీని కూడా ఇక్కడ తలచుకోవాలి. తన తస్రీఫ్‌లో గొంతు గడ్డలు కోయడం ఎలాగో రాశాడు: మరీజ్‌ను ఎండకు ఎదురుగా కూర్చోబెట్టాలి, నాలుకను పరికరంతో కిందికి అదిమి పట్టాలి, గడ్డను కొక్కెంతో పట్టి లాగి కోయాలి. టార్చి లైటు లేని రోజుల్లో సూర్యుడే లైటు. ఆయన చూపు గొంతు దగ్గరే ఆగింది, కానీ ఈ కథంతా మొదలయ్యేది ఆ గడ్డలోనే.

ఇక యూరప్ కథ. 1900లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కూర్మాన్, కాడ్ అనే ఇద్దరు ఒక మరీజ్ గురించి రాశారు. వ్యాసం పేరులోనే వాళ్ళు అన్నదేమంటే, ఇది చూడ్డానికి ప్లేగులా ఉంది కానీ ప్లేగు కాదు, గాలి లేనిచోట పెరిగే ఒక క్రిమి ఖూన్‌లో చేరింది అని. అప్పుడు బొంబాయిలో ప్లేగు మొదలై నాలుగేళ్ళయింది, ఓడల వెంట దేశాలు తిరుగుతోంది. మెడ వాచి, బుఖార్‌తో ఎవరైనా వస్తే ముందు ప్లేగే గుర్తొచ్చేది. మనకు డెంగ్యూ గుర్తొచ్చినట్టు.

1918లో హాంబుర్గ్‌లో హ్యూగో షాట్‌ముల్లర్ గాలి లేనిచోట పెరిగే క్రిముల మీద రాస్తూ గొంతు నుంచి సిరలోకి పోయే దారిని చూపించాడు. సెప్సిస్ అంటే ఖూన్‌లో క్రిములు ఉండటం మాత్రమే కాదు, శరీరంలో ఎక్కడో ఒక అడ్డా నుంచి అవి మళ్ళీ మళ్ళీ ఖూన్‌లోకి వదులవుతూ ఉండటమే అని చెప్పిన మనిషి ఈయనే. ఈ జబ్బులో ఆ అడ్డా మెడలోని సిర. చలి బుఖార్ వచ్చి పోయి మళ్ళీ రావడం ఎందుకో దీనితో అర్థమవుతుంది. గడ్డ నుంచి ముక్క తెగిన ప్రతిసారీ పళ్ళు టకటక.

జబ్బుకు పేరొచ్చింది మాత్రం ఆంద్రే లెమియేర్‌ది. 1875లో పుట్టాడు, ప్యారిస్‌లో అంటువ్యాధుల కోసం ఉన్న క్లాద్ బెర్నార్ ఆసుపత్రిలో ప్రొఫెసర్. 1936లో లాన్సెట్ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. 20 మంది మరీజ్‌లు, అందులో 18 మంది చనిపోయారు. ఎక్కువమంది అంతకుముందు ఏ జబ్బూ లేని పడుచువాళ్ళు. ముందు గొంతు, తర్వాత కొన్ని రోజులకు హఠాత్తుగా చలి, తీవ్రమైన బుఖార్, మెడ పక్కన సిర వెంట నొప్పి, తర్వాత ఊపిరితిత్తుల్లో గడ్డలు, కీళ్ళల్లో చీము. ఈ వరస ఎంత స్పష్టంగా ఉంటుందంటే, లేబొరేటరీ జవాబు రాకముందే మంచం పక్కన నిలబడి ఈ జబ్బును గుర్తుపట్టవచ్చని ఆయన నమ్మాడు.

ఈ మాట నన్ను చాలా బాధించింది. 1936లో మందు లేదు, మెడ సిరను దారంతో కట్టేయడం వరకే చేతనైంది, అయినా మర్జ్‌ను గుర్తుపట్టారు. ఇప్పుడు మందు ఉంది, స్కాన్ ఉంది, గుర్తుపట్టడానికి మా పిల్లవాడికి నెలన్నర పట్టింది.

ఎందుకలా? జవాబు పెన్సిలిన్‌లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గొంతు నొప్పి అంటే చాలు పెన్సిలిన్ ఇచ్చే రోజులు వచ్చాయి. లెమియేర్ 1956లో కన్నుమూసేనాటికి ఆయన జబ్బు కనబడటమే తగ్గిపోయింది. ఒక తరం డాక్టర్లు దాన్ని చూడకుండానే చదువు ముగించి, ఇంకో తరానికి పాఠం చెప్పారు. ఉస్తాద్ చూడని మర్జ్ షాగిర్ద్‌కు ఎక్కడ తెలుస్తుంది? 1980ల తర్వాత మళ్ళీ ఒకటీ అరా మరీజ్‌లు కనిపించినప్పుడు పత్రికలు దానికి 'మరచిపోయిన జబ్బు' అని బిరుదు ఇచ్చాయి. గొంతు నొప్పికి ఊరికే యాంటీబయాటిక్ ఇవ్వకూడదనే మంచి పద్ధతి పెరగడం వల్లే ఇది తిరిగి వచ్చిందా అన్న బహస్ ఇంకా తేలలేదు. డెన్మార్క్‌లో దేశమంతా లెక్క కట్టినప్పుడు, 1998 నుంచి 2001 వరకు, ఏడాదికి 10 లక్షల మందిలో 3.6 మందికి వచ్చింది. 15 నుంచి 24 ఏళ్ళ వాళ్ళలో మాత్రం 10 లక్షలకు 14.4. వాళ్ళలో చనిపోయినవాళ్ళు 9 శాతం. లెమియేర్ రోజుల్లో 90 శాతం. ఈ రెండు 9ల మధ్య సున్నా ఎన్ని ప్రాణాలో చూడండి.

ఆ క్రిమి పేరు ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరమ్. లాటిన్‌లో ఫ్యూసుస్ అంటే కదురు, నూలు వడికేది. రెండు కొసలూ సన్నగా కదురులా ఉంటుందని ఆ ఇంటిపేరు. మన దూదేకుల ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు కదురంటే ఎంత ఇష్టమైన వస్తువో! నెక్రోఫోరమ్ అంటే చావును మోసుకొచ్చేది. ముందుగా దీన్ని చూసింది పశువుల్లో. 1884లో జర్మనీలో లోఫ్లర్ దూడల గొంతు జబ్బులో చూశాడు. గొర్రెల గిట్టలు కుళ్ళడం, ఎద్దుల కాలేయంలో చీము, ఇవన్నీ దీని తోబుట్టువుల పనే. మనిషిలో జబ్బు చేసేది కొంచెం వేరే రకం, పశువు నుంచి అంటుకునేది కాదు, కాబట్టి బక్రీద్ మేకను చూసి ఎవరూ వహమ్ పెట్టుకోనక్కర్లేదు. అది మన గొంతులోనే ఉంటుంది. అమెరికాలోని అలబామాలో ఒక యూనివర్సిటీ క్లినిక్‌కు గొంతు నొప్పితో వచ్చిన పడుచువాళ్ళను పరీక్షిస్తే ఐదుగురిలో ఒకరి గొంతులో ఈ క్రిమి దొరికింది. ఆ సంగతి 2015లో ప్రచురించారు. ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా పదిమందిలో ఒకరికి దగ్గర దగ్గరగా దొరికింది. అంటే కోట్లమంది గొంతుల్లో ఊరికే ఉండి పోతుంది, లక్షల్లో ఒకరి మెడ సిరలోకి మాత్రమే దిగుతుంది.

గాలి తగిలితే పెరగదు. అందుకే ల్యాబులో దీన్ని పట్టుకోవడం కష్టం. గాలి లేని సీసాలో పెట్టి రోజుల తరబడి ఎదురుచూడాలి. యాంటీబయాటిక్ పడ్డాక తీసిన రక్తంలో అసలు దొరక్కపోవచ్చు. అజిత్రోమైసిన్ జాతి మందులకు ఇది చాలాసార్లు లొంగదు. మెడికల్ షాపు మూడు బిళ్ళల సంగతి ఇప్పుడు అర్థమైంది కదా. లొంగే మందుల్లో ఒకటి మెట్రోనిడజోల్, అదీ ఫ్రాన్స్ నుంచే వచ్చింది, ఆడవాళ్ళ వేరే ఇన్ఫెక్షన్ కోసం. 1962లో లండన్‌లో డేవిడ్ షిన్ అనే పళ్ళ డాక్టరు, ఆ మందు వాడిన ఒకావిడకు చిగుళ్ళ జబ్బు కూడా తగ్గిందని రాశాడు. గాలి లేనిచోట బతికే క్రిములకు ఇది పనికొస్తుందని అలా తెలిసింది. అల్లోపతీలో కూడా కొన్ని ఇలాజ్‌లు ఇలా పక్కదారి నుంచి వస్తాయి.

ఇంతకీ పూసలోకే ఎందుకు పోతుంది? ఊపిరితిత్తుల తర్వాత ఈ జబ్బు ఎక్కువగా కూర్చునేది కీళ్ళల్లో: తుంటి, మోకాలు, భుజం. ఎముక అరుదు, వెన్నుపూస మరీ అరుదు. 1940లో ఫిలడెల్ఫియాలో ఆస్కార్ బాట్సన్ అనే అనాటమీ ప్రొఫెసర్ శవాల్లోకి రంగు ద్రవం ఎక్కించి, వెన్నెముక చుట్టూ ఉన్న సిరల వలను ఎక్స్‌రేలో చూపించాడు. ఆ సిరల్లో కవాటాలు లేవు. కాలి సిరలో ఖూన్ పైకే పోతుంది, కిందికి రాకుండా తలుపులుంటాయి. వెన్ను చుట్టూ తలుపుల్లేవు, దగ్గినా ముక్కినా ఖూన్ అటూ ఇటూ పోగలదు. క్రిములు పూసలకు చేరే దారి ఇదేనని చాలామంది అన్నారు. 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో వైలీ, ట్రుయేటా అనే ఇద్దరు దీన్ని ఒప్పుకోలేదు. పూస అంచుల్లోకి వచ్చే సన్నని ధమనుల గుండానే చీము క్రిములు వస్తాయని వాదించారు. ఈ ట్రుయేటా కథ వేరే వ్యాసానికి సరిపోతుంది: బార్సిలోనాలో స్పెయిన్ అంతర్యుద్ధపు గాయాలకు ఇలాజ్ చేసి, 1939లో దేశం వదిలి ఇంగ్లండ్ చేరిన సర్జన్. పెద్దవాళ్ళలో డిస్కుకు సొంతంగా రక్తనాళాలు లేవు. క్రిమి పూస అంచులో దిగి, డిస్కును తినుకుంటూ అవతలి పూసకు చేరుతుంది. ఎమ్మారైలో ఎప్పుడూ రెండు పూసలూ మధ్య డిస్కూ కలిసి పాడైనట్టు కనబడేది అందుకే.

టీబీ విషయానికి వస్తే, 1779లో లండన్ సర్జన్ పర్సివల్ పాట్ వంగిపోయిన వెన్ను, చచ్చుబడిన కాళ్ళ గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఇవాళ్టికీ వెన్నుపూస టీబీని ఆయన పేరుతోనే పిలుస్తారు. అది నెలల తరబడి మెల్లగా వస్తుంది, డిస్కును చాలాకాలం వదిలిపెడుతుంది. చీము క్రిములు వారాల్లో వస్తాయి, డిస్కును ముందే తింటాయి. ఈ తేడా ఎప్పుడూ ఇంత శుభ్రంగా కనిపించదు. అందుకే సూదితో ముక్క తీసి పరీక్షించాలి. టీబీ మన దగ్గర నిజంగానే ఎక్కువ, ముక్క తీయకుండా మొదలుపెట్టిన మందు చాలామందికి పనిచేస్తుంది. పనిచేయని ఆ ఒక్కరు మన ఇంట్లోవాళ్ళైతే మాత్రం లెక్క మారిపోతుంది.

మా పిల్లవాడికి ముక్క తీశారు, టీబీ లేదన్నారు. మెడకు అల్ట్రాసౌండ్ చేస్తే సిరలో పాత గడ్డ కనబడింది, నెలన్నర తర్వాత కూడా. క్రిమి మాత్రం చేతికి దొరకలేదు, అప్పటికే ఎన్నో మందులు పడ్డాయి కదా. ఆ పెద్దావిడ వరస చూసి, కథ చూసి, నిర్ణయం తీసుకుంది. ఆరు వారాలు మందు, మొదట్లో సూదిమందు. ఆరు వారాలన్న లెక్కకు కూడా ఒక తారీఖ్ ఉంది. వెన్నుపూస చీముకు పూర్వం మూడు నెలలు ఇచ్చేవారు. 2015లో ఫ్రాన్స్‌లో 359 మందిని రెండు జట్లు చేసి ఆరు వారాలు, పన్నెండు వారాలు ఇచ్చి చూస్తే అంజామ్ ఒకటే అని తేలింది. మళ్ళీ ఫ్రాన్స్! ఈ జబ్బుకూ ఆ దేశానికీ ఏదో రిష్తా ఉన్నట్టుంది.

అమ్మీలు చదువుతారని తెలుసు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. గొంతు నొప్పి నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పోతుంది. దానికోసం యాంటీబయాటిక్ అడగకండి, షాపులో అసలు కొనకండి. కానీ పదిహేను నుంచి పాతికేళ్ళ పిల్లలకు గొంతు తగ్గుతున్నట్టుండి మళ్ళీ ఒణికించే చలి వస్తే, మెడ ఒక పక్కే వాస్తే లేదా పట్టేస్తే, ఛాతీలో పొడిస్తే, అది అదే రోజు ఆసుపత్రికి పోవలసిన విషయం. తర్వాత వారాల్లో వెన్నులో తగ్గని నొప్పి, బుఖార్ ఉంటే, ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా గొంతు సంగతి ముందు చెప్పండి. వాళ్ళు అడగకపోయినా సరే. కాళ్ళల్లో బలం తగ్గినా, మూత్రం ఆగినా తెల్లవారే దాకా ఆగకండి. చెవి డాక్టరుకు గొంతు, ఛాతీ డాక్టరుకు దగ్గు, ఎముక డాక్టరుకు నడుం అని మనమే పంచి ఇస్తే, మొత్తం కథ ఎవరి దగ్గరా ఉండదు.

అబ్బాయి ఇప్పుడు నడుస్తున్నాడు, కిందికి వంగి బూట్లు కట్టుకుంటున్నాడు. ఒక ఏడాది చదువు పోయింది, క్రికెట్ ఇంకా ఆడనివ్వడం లేదు. మొన్న వాళ్ళింటికి పోయినప్పుడు ఖాలా ఫైలు తీసి చూపించింది. స్కాన్ల మీద, బిల్లుల మీద, అన్నిటికంటే పైన, లైను కాగితం ఒకటి పిన్ను కొట్టి ఉంది. ఉర్దూలో తన చేత్తో రాసుకుంది. మొదటి వరసలో రెండే మాటలు: గలా దర్ద్. పక్కన తారీఖ్.